మంచు చెక్కలకు చదివింపులు

మొన్న ఆదివారం అవనిగడ్డ నుంచి హారిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. సన్నటి పొడుగాటి పడవలో కూర్చుని రెండు వైపులా తెడ్డు వేస్తూ పోటీపడే ఆట ఉంటుందే, అందులో రాష్ట్రం తరఫున ఆడుతోంది. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఆంటీ, మీరు కాలేజీ రోజుల్లో మంచు మీద స్కీయింగ్ పోటీలకి వెళ్ళారంటగా. డబ్బులెట్టా పుట్టాయండీ మీకు?"

ఆ పిల్ల నాకు ముద్దొచ్చింది. ఇన్నేళ్ళుగా నన్ను స్కీయింగ్ గురించి అడిగిన వాళ్ళందరూ చలెంత, కొండెంత, కాళ్ళు విరగలేదా అనే అడిగారు. అసలు అడగవలసింది అడిగింది ఈ అమ్మాయే. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినమని మావాళ్ళు కొత్తవాళ్ళను గుమ్మంలోనే హెచ్చరిస్తారు. అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఈ సంగతిలో మాత్రం పావు వంతు తీసేస్తే చాలు. మిగతా ముప్పావు నేను కల్పించినా అంత బాగా వచ్చేది కాదు.

మాది గుడివాడ. నాన్న ఒక బియ్యం మిల్లులో డ్రైవరు. బండి నడిపే డ్రైవరు కాదు. మిల్లులో యంత్రాలు నడిపే మనిషిని కూడా మావైపు డ్రైవరనే అంటారు. మిల్లు ఆవరణలోనే ఒక మూల మాకు రెండు గదుల పెంకుటిల్లు. తెల్లవారక ముందే ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడికే ఆవిరి కిటికీలోంచి వచ్చి మమ్మల్ని లేపేది. తడిసిన గోనె, వేడి పొట్టు, కాస్తంత పులుపు కలిసిన వాసన అది. అమ్మ ఎంత ఘాటుగా కాఫీ పెట్టినా ఆ వాసన ముందు దిగదుడుపే. నాన్న ఇంటికొస్తే ముందు గడప బయట నిలబడి తువ్వాలుతో తల, చేతులు, చెవుల వెనక దులుపుకునేవాడు. తర్వాత అమ్మ ఇంకోసారి దులిపేది. అయినా ఆయన కనుబొమల మీద తవుడు పోయేది కాదు. మా నాన్న కనుబొమలు పుట్టుకతోనే తెల్లనివని నేను చాలాకాలం నమ్మాను. మా నానమ్మది పమిడిముక్కల దగ్గర పల్లె. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె తన సామానుతో పాటు ఒక ఇనుప తీగ తెచ్చుకుంది. ఎవరి పెళ్ళి శుభలేఖ వచ్చినా, ఓణీల ఫంక్షన్ కార్డు వచ్చినా, గృహప్రవేశం పిలుపు వచ్చినా చదివించుకుని, మధ్యలో బెజ్జం పెట్టి ఆ తీగకు గుచ్చేది. వంటింటి తలుపు వెనక మేకుకు ఆ తీగ అరటిగెలలాగా వేలాడుతుండేది.

స్కీయింగ్ నాకు ఎలా వచ్చిందంటే, బురదలో వచ్చింది. చిన్నప్పుడు తొలకరికి నానమ్మ వాళ్ళ ఊరు వెళ్తే, దమ్ము చేసిన మడిని చదును చేసే చెక్క మీద నన్ను నిలబెట్టేవాళ్ళు. ముందు ఎద్దులు లాగుతుంటే వెనక చెక్క బురదలో జారుతూ పోయేది. బరువు కోసం ఎవరో ఒకరు దాని మీద నిలబడాలి. పడితే నోటినిండా బురద. పడకుండా ఉండాలంటే మోకాళ్ళు కాస్త వంచి, ఎద్దు ఎటు లాగుతుందో దానికంటే ముందే నడుం అటు వాల్చాలి. నేను మూడు మళ్ళలోనే ఆ కిటుకు పట్టేశాను. కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్‌గా కవాతులు చేసేదాన్ని. ఒక చలికాలం మాలో కొందరిని స్కీయింగ్ నేర్చుకోవడానికి హిమాలయాల్లోని ఔలికి పంపారు. మొదటి రోజు అందరూ వరసగా పడుతుంటే నేను మోకాళ్ళు వంచుకుని సర్రున కిందికి పోయాను. అక్కడ మాకు నేర్పే పెద్దాయన ఒక మాజీ సైనికుడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ బేటీ?"

"మళ్ళో, ఎద్దుల వెనకాల" అన్నాను నాకొచ్చిన హిందీలో. ఆయన చాలాసేపు ఆలోచించి, మా ఊళ్ళో మంచు మీద ఎద్దులుంటాయని అర్థం చేసుకున్నాడు. నేను దిద్దలేదు.

శిబిరం ముగిసేనాటికి ఉస్తాద్ అంచులు అరిగిపోయిన ఒక పాత స్కీల జత నా చేతిలో పెట్టి, వచ్చే శీతాకాలం జాతీయ పోటీలకు నా పేరు పంపిస్తానన్నాడు. రైల్లో ఆ చెక్కలను చూసి ఒకాయన "తెడ్లా?" అన్నాడు, ఇంకొకాయన "మంచం పట్టెలా?" అన్నాడు. ఒక ముసలావిడ మాత్రం జాలిగా నా కాళ్ళ వంక చూసింది. మరుసటి ఏడాది కార్తీకమాసంలో ఉత్తరం వచ్చింది. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెంలో ఆంధ్రప్రదేశ్ తరఫున నన్ను తీసుకుంటున్నారు. మా రాష్ట్రం నుంచి ఇంకెవరూ లేరు కాబట్టి జట్టుకు నేనే నాయకురాలిని కూడా. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. రైలు ఖర్చు, బస, ప్రవేశ రుసుము, బూట్లు, సామగ్రి అంతా క్రీడాకారులే చూసుకోవాలి. శిబిరంలో అరువిచ్చిన బూట్లు పోటీలో ఇవ్వరు. నాన్న ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, ఉత్తరం మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు. మా ఇంట్లో జవాబు లేని కాగితాలన్నీ అక్కడికే చేరేవి.

డబ్బు సంగతి తేలకపోయినా సాధన మానలేదు. మంచు లేదుగానీ మాకు ఊక ఉంది. పంట చేతికొచ్చాక మిల్లు వెనక పోసే ఊక గుట్ట పొగగొట్టంలో సగం ఎత్తుకు లేచేది. (సగమా అంటే, సరే, మూడో వంతు.) గుట్ట పైకి నిచ్చెన వేసుకుని ఎక్కి, వెదురు కర్రలు రెండు పట్టుకుని, తాటిమట్టలు పాతి వాటి మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగేదాన్ని. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లే, వాటిని చెక్కలకు కొబ్బరితాడుతో కట్టేవాళ్ళం. ఊక నున్నగా జారుతుంది, కానీ అది మెడలోంచి దిగి వీపు మీద చేసే అల్లరికి ఏ మందూ లేదు. సాయంత్రం అమ్మ నన్ను కొబ్బరినూనెలో ముంచి తేల్చేది. హమాలీలు భోజనాల వేళ వరసగా కూర్చుని చూసేవాళ్ళు. నేను పడితే "అయ్యయ్యో" అనేవాళ్ళు, పడకపోతే నిరుత్సాహంగా క్యారేజీలు మూసేవాళ్ళు.

ఇక డబ్బు వేట. నాన్నా నేనూ బందరు వెళ్ళి జిల్లాలో ఆటల వ్యవహారం చూసే ఆఫీసరు గారిని కలిశాం. మంచి మనిషి. మాకు కుర్చీలు కూడా వేయించాడు. కాగితాలన్నీ తిరగేసి తల గోక్కున్నాడు.

"మన లిస్టులో ఈ ఆట లేదండీ. మంచు ఎక్కడుందమ్మా మన జిల్లాలో? ఐస్ ఫ్యాక్టరీలో తప్ప!"

"అందుకేగా సార్ అంత దూరం వెళ్తున్నాను" అన్నాను.

"కబడ్డీ అయితే చెప్పమ్మా, ఇప్పుడే రాస్తా. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నావు."

 నేనే ముందుకు జరిగాను. "సార్, మంచంటే గడ్డకట్టిన నీళ్ళేగా. ఈత కింద రాయండి."

ఆయన నిజంగానే ఈత కాగితం బయటికి తీశాడు. కాసేపు చూశాడు. "ఆడిటు వాళ్ళు ఊరుకోరమ్మా" అని బాధగా మళ్ళీ లోపల పెట్టేశాడు. టీ తాగించి పంపాడు.

అక్కడి నుంచి ఆ ఊళ్ళోనే ఉన్న చిలకలపూడి వెళ్ళి, రోల్డ్ గోల్డ్ నగల వ్యాపారి చలపతి గారిని కలిశాం. ఆయన నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. అంతా విని హుషారుగా లేచాడు. "ఒరేయ్, ఇస్తాన్రా, ఎందుకివ్వను? అమ్మాయి మన కాసులపేరు, వడ్డాణం, అరవంకీలు పెట్టుకుని దిగాలి. తెల్లటి మంచు మీద ధగధగా మెరిసిపోవాలి. ఫొటో పేపర్లో పడాలి!" వడ్డాణంతో వంగడం కుదరదని చెప్పాను. "అయితే వంగకుండా దిగమ్మా" అన్నాడు. బేరం అక్కడితో ఆగిపోయింది. బస్సులో నాన్న కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. గుడివాడ దగ్గరపడ్డాక నెమ్మదిగా అన్నాడు. "ఇంకొకరి గుమ్మం ఎక్కను పద్దూ. నా వల్ల కాదు. ఈ ఏడాదికి మానేద్దాం."

ఉస్తాద్ నన్ను ముందే హెచ్చరించాడు. ఈ ఆటలో ఒక్క ఏడాది ఆగినవాళ్ళు మళ్ళీ రారని. రెండో ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఏడవలేదు. ఊక గుట్ట ఎక్కి కూర్చున్నాను. ఊకలో కూర్చుని ఏడిస్తే కళ్ళు మండుతాయి, అందుకని.

ఆ సాయంత్రం నానమ్మ తలుపు వెనక తీగ తీసుకొచ్చి నాన్న భోజనం చేస్తున్న పీట పక్కన ధబ్బున పడేసింది. "ఇవన్నీ ఏంట్రా?"

"శుభలేఖలే అమ్మా."

"వీటన్నింటికీ వెళ్ళావా లేదా?"

"వెళ్ళాను."

"చదివించావా లేదా?"

చదివింపులంటే తెలిసిందే కదా. శుభకార్యంలో భోజనాలయ్యాక బంధువులూ స్నేహితులూ తలా ఇంత ఇస్తుంటే మైకులో పేరూ మొత్తమూ చదువుతారు. నాన్న తల ఊపాడు.

"మరి మనింట్లో ఏ శుభకార్యం చేశాం? ఇల్లు మిల్లుది. పిల్ల ఒక్కతి. పెట్టిన చెయ్యేగానీ పుచ్చుకున్న చెయ్యి కాదురా నీది. అడుక్కోవద్దు. పిలువు. వచ్చి భోంచేసి, వాళ్ళకి తోచింది చదివించి వెళ్తారు."

"పెళ్ళి కాదుగా అమ్మా! చెక్కలకి చదివింపులేంటి, నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నవ్వేవాళ్ళు భోజనం చెయ్యరా?"

నాన్న మజ్జిగన్నం పూర్తి చేశాడు. చెయ్యి కడుక్కుని ఒక షరతు పెట్టాడు. మైకులో పేర్లు మాత్రమే చదవాలి, ఎవరు ఎంత ఇచ్చారో చదవకూడదు. ఒక్కరి మొహం కూడా చిన్నబోకూడదు. మిల్లు గుమాస్తా శేషయ్య మావయ్యది గంట లాంటి గొంతు, ఊళ్ళో చదివింపులన్నీ ఆయనే చదివేవాడు. ఆయన ఈ షరతు విని నెత్తి పట్టుకున్నాడు. "మొత్తం చదవకుండా చదివింపులేంటి బావా? ఉప్పు లేని పప్పు!" అన్నాడు. నాన్న వినలేదు.

కార్డులు అచ్చువేసే ఆయన దగ్గర పెళ్ళి బొమ్మలే ఉన్నాయి. పల్లకీ, బాజాలు, అరటిచెట్లు అలాగే పడ్డాయి. సుముహూర్తం అన్న చోట ఏం వెయ్యాలని అడిగితే, నేను ఢిల్లీ రైలు బయల్దేరే వేళ చెప్పాను. దాన్నే అచ్చు వేశాడు. మిల్లు కళ్ళంలో షామియానా వేసి, ముద్దపప్పు, గోంగూర, గుమ్మడికాయ పులుసు, బూరెలతో భోజనాలు పెట్టాం. వేదిక మీద పీటలు వేసి వాటి మీద నా స్కీల జతను నిలబెట్టారు. వచ్చిన సగం మంది కార్డు చూసి పెళ్ళే అనుకున్నారు. ఒకావిడ అక్షింతలు పట్టుకుని నానమ్మను అడిగింది. "పెళ్ళికొడుకేడి పిన్నీ?"

"అదిగో, ఇద్దరొచ్చారు. ఇద్దరూ నోరు మెదపరు. దీని నోటికి సరిపోతారు" అంది నానమ్మ.

ఈలోగా అమ్మా, వీధిలో ఆడవాళ్ళూ కలిసి చెక్కలకు పసుపు రాశారు. పైన రాసి కుంకుమబొట్లు పెడితే ఫర్వాలేదు. గడపకు రాసినట్టు అడుగున, మంచు మీద జారే వైపు, నాలుగు పూతలు ఆముదంతో కలిపి మెత్తారు. తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి జారేదాకా తుడవనని నా మీద ఒట్టెయ్యి." వేశాను.

భోజనాలయ్యాక చదివింపులు మొదలయ్యాయి. శేషయ్య మావయ్య పేరు చదువుతాడు, అలవాటుగా "అక్షరాలా..." అని ఎత్తుకుంటాడు, నాన్న వైపు చూస్తాడు, మింగేస్తాడు. జనంలో గుసగుస పెరిగింది. పక్కవాడు ఎంత ఇచ్చాడో ఎవరికీ తెలియదు. మామూలుగా అయితే ముందువాడి మొత్తం విని దానికి అటూ ఇటూగా ఇచ్చి బయటపడొచ్చు. ఇప్పుడు అందరిలోకీ తక్కువ ఇచ్చింది తనేనేమోనని పెద్ద పెద్ద రైతులకు చెమటలు పట్టాయి. ఒకాయన కవరు ఇచ్చి వెళ్ళి, బూరె కొరుకుతూ ఆలోచించుకుని, మళ్ళీ వచ్చి ఇంకో కవరు ఇచ్చాడు. ఆయన పేరు రెండుసార్లు చదివారు. అది చూసి ఇంకో నలుగురు తిరిగొచ్చారు. మరోపక్క, ఎంతిచ్చారో మైకులో చెబుతారని ఏ పెళ్ళిలోనూ వేదిక దగ్గరికి రాని హమాలీలు ఆ రోజు తలపాగాలు సవరించుకుని వరసలో నిలబడ్డారు. తమ పేరు మైకులో వినడం వాళ్ళకు అదే మొదటిసారి. చలపతి గారు బందరు నుంచి బస్సులో వచ్చి, వడ్డాణం ఊసెత్తకుండా చదివించి వెళ్ళాడు. ఎంత వచ్చిందో నేను ఎప్పుడూ అడగలేదు, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. సరిపోయింది. నాన్న మర్నాడు దేవుడి పటం వెనక నుంచి ఉత్తరం తీసి నా చేతికిచ్చాడు.

ఔలిలో ఎవరో విదేశీ ప్రయాణికుడు వదిలివెళ్ళిన బూట్లు ఉస్తాద్ నాకు ఇప్పించాడు. కాస్త వదులైతే నానమ్మ మూటకట్టి ఇచ్చిన బూరుగు దూది కూరాను. పందెంలో తొమ్మిది మంది ఆడపిల్లలం. మిగతావాళ్ళు పుట్టింది కొండల్లోనే. నిగనిగలాడే బిగుతు సూట్లు వేసుకుని, మిల్లు తవుడు వాసన వదలని నా స్వెట్టరు చూసి మర్యాదగా పక్కకు తిరిగారు. రెండుసార్లు దిగాలి, రెండింటి సమయమూ కలుపుతారు. మొదటి విడత నాది రెండో నంబరు.

దిగాను. ఆముదం పసుపు మంచును పట్టుకుని వదలదు. అయిదో జెండా దగ్గర మలుపు చాలా వెడల్పైపోయింది, పడబోయి ఎలాగో నిలబడ్డాను. కింద చేరి వెనక్కి తిరిగి చూస్తే, తెల్లటి కొండ మీద పైనుంచి కింది దాకా చక్కటి పసుపు గీత! పోటీదారి తెలియడానికి అక్కడ మంచు మీద రంగు చల్లే అలవాటు ఉంది. నా తర్వాత దిగినవాళ్ళు ఆ గీత నిర్వాహకులే వేశారనుకున్నారు. అయిదో జెండా దగ్గర నేను పోయినంత వెడల్పుగానూ పోయారు. అందరూ కాదు గానీ నలుగురైదుగురు పోయారు. ఇద్దరు అక్కడే పడ్డారు. నమ్మేవాళ్ళు నమ్మండి. విడత ముగిసేసరికి నేను అయిదో స్థానంలో ఉన్నాను. ఉస్తాద్ చెక్కలు తిరగేసి వేలితో గీకి వాసన చూశాడు. "కూరలో వేసేదేనా?" అన్నాడు. ఒక్కసారి జారాను కనుక ఒట్టు తీరిపోయింది. ఇద్దరం కూర్చుని గీకేశాం. ఆయన తన సొంత మైనం తీసి రుద్దాడు.

రెండో విడతలో పసుపు లేదు, ఎవరి పొరపాటూ కలిసిరాలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా తీసెయ్యక్కర్లేదు. మోకాళ్ళు వంచాను. జెండా ఎటు పిలుస్తుందో దానికంటే ముందే నడుం వాల్చాను. గాలి చెవుల్లో మిల్లు బెల్టులా కొట్టింది. ఏ జెండానూ తాకలేదు. కింద ఆగి, ఊపిరి తీసుకుని బోర్డు వైపు చూస్తే రెండో విడతలో అందరికంటే తక్కువ సమయం నాదే. మొత్తం కలిపితే మూడో స్థానం.

హారిక ఇదంతా విని తన ఫోను చూపించింది. అందులో తన కోసం డబ్బు పోగుచేసే పేజీ ఉంది. పడవలో నవ్వుతున్న ఫొటో, పక్కన ఎవరెంత ఇచ్చారో పేర్లూ అంకెలూ. "తెలిసినవాళ్ళు సిగ్గుపడి ఇవ్వట్లేదాంటీ. తక్కువిస్తే అందరికీ కనపడుద్దంట" అంది. ఆ రోజులే బంగారమని నేను అనను. ఆ రోజుల్లో ఊక దురద ఉంది, ఈత కాగితం ఉంది. ఇప్పుడు మీట నొక్కితే దూరదేశం నుంచి కూడా డబ్బు వస్తుంది, అది చిన్న సంగతి కాదు. లిస్టులో లేని ఆటకు మాత్రం ఇప్పటికీ ఆఫీసుల్లో టీ ఒక్కటే దొరుకుతోందట. అంకెలు కనపడకుండా చేసే మీట ఏదన్నా ఉందేమో వెతకమన్నాను. ఉంది. ఇద్దరం కలిసి నొక్కాం. రెండు రోజుల్లో అవనిగడ్డ ఆటోస్టాండు నుంచే ముప్ఫై పేర్లు వచ్చాయని నిన్న చెప్పింది.

ఇక పందెం నాటి సాయంత్రం సంగతి. పతకం మెళ్ళో ఉండగానే కింది ఊరికి దిగి, ఎస్టీడీ బూతులో దూరి మిల్లుకు ఫోను చేశాను. శేషయ్య మావయ్య ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి, "బావోయ్!" అని కేకపెట్టాడు. నాన్న వచ్చాడు. వెనక యంత్రాల హోరు.

"నాన్నా, నేను!"

"వినపళ్ళేదమ్మా. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. మళ్ళీ వినపడలేదు. బూతులో మీటరు గిర్రున తిరుగుతోంది, నా దగ్గరున్న డబ్బు తిరుగు ప్రయాణానికి మాత్రమే. "ఉండు పద్దూ" అన్నాడు నాన్న. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత, ధాన్యం బస్తాలు గోడౌను బయట దాకా పేర్చి ఉన్న ఆ సీజన్లో, ఎవరినీ అడగకుండా, నాన్న మిల్లు ఆపేశాడు. జల్లెడలు ఆగడం విన్నాను. బెల్టు నెమ్మదించి, టపటపమని కొట్టుకుని, నిలిచిపోవడం విన్నాను. అంత దూరం నుంచి మా ఇంటి నిశ్శబ్దం వినిపించింది.

"ఇప్పుడు చెప్పమ్మా."

"మూడోదాన్ని నాన్నా. పతకం మెళ్ళో వేశారు."

రిసీవరు మళ్ళీ బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత, జన్మలో ఎవరి ముందూ గొంతెత్తని మా నాన్న, ఆగిపోయిన మిల్లంతా మారుమోగేట్టు అరిచాడు. "మా అమ్మాయి గెలిచిందిరోయ్!"

హమాలీల ఈలలు, కేకలు, ఎవరో డబ్బా మీద వాయించడం మొదలయ్యాయి. బూతతను మీటరు చూపిస్తూ చెయ్యి తిప్పాడు. నేను అటు తిరగలేదు. మిల్లు మళ్ళీ కదిలేదాకా రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.